అంచు వెలుగు

కంటి డాక్టరుకి కంట్లో కనపడని చోటంటూ ఉండదని జనం అనుకుంటారు. ఉంటుంది. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా కార్నియా ఉంటుంది. దాని అంచు లోపలి రంగు పొరతో కలిసే చోట, చుట్టూ ఒక సన్నని మూల. కంట్లో ఊరే నీళ్లు బయటికి పోయే దారి అదే. ఆ దారి మూసుకుపోతే నీటికాసులు వస్తాయి, చూపు పోతుంది. అంత ముఖ్యమైన చోటు మాకు మామూలుగా కనపడి చావదు. అక్కణ్ణించి బయల్దేరిన వెలుతురు బాగా ఏటవాలుగా వచ్చి కార్నియాకి తగులుతుంది. అంత వాలుగా వచ్చినదాన్ని కార్నియా బయటికి వదలదు, మొత్తాన్నీ లోపలికే తిప్పి కొడుతుంది. దీని పేరు సంపూర్ణాంతర పరావర్తనం. ఆ పేరుకి భయపడే సగం మంది పిల్లలు ఫిజిక్సు మానేసి ఉంటారు.

అందుకని మేం కంట్లో మొద్దుబారే చుక్కలేసి, జిగురు రాసిన చిన్న లెన్సొకటి కంటికి ఆనిస్తాం. గాలి ఉండాల్సిన చోట గాజు తగిలేసరికి లోపల చిక్కుకున్న వెలుతురు బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మూల కనపడుతుంది.

నా భర్త చక్రధర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. ఈ సంగతి నాకంటే బాగా చెప్పేవాడు. ఒకసారి గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి చేత్తో పట్టుకుని వాళ్లమ్మ ముందు నిలబడ్డాడు.

"పైనుంచి గ్లాసులోకి, పక్క గోడ వైపు చూడమ్మా. నా వేళ్లు కనపడుతున్నాయా?"

"ఏవీ? వెండి గ్లాసు మల్లే ఉంది గదరా!"

"ఇప్పుడు చూడు," అని అదే నీళ్లలో వేళ్లు ముంచి, గ్లాసుని గట్టిగా అదిమి పట్టాడు. వేలి గీతలతో సహా కనిపించాయి. "వెలుతురు గాజులో చిక్కుకుని ఉందమ్మా. తడివేలు తాకితే ఆ చోటునుంచి బయటికి వచ్చేస్తుంది."

"తాగే నీళ్లలో వేళ్లు ముంచావా!" అని అత్తయ్య ఆ నీళ్లు పారబోసి గ్లాసు కడగడానికి తీసుకుపోయింది. ఆ రోజు ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ తర్వాత కొన్నేళ్లకి చక్రధర్ క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చున్నాడట, మళ్లీ లేవలేదు. గుండె. నేను కంటి డాక్టర్ని, గుండె గురించి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అత్తయ్య పేరు మాణిక్యాంబ. కొడుకు పోయాక ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, నేనూ వెళ్లమనలేదు. కలిసి ఉందామని అనుకున్నదీ లేదు, విడిపోదామని అనుకున్నదీ లేదు. చీరాలలో ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న ఫ్లాటులో ఇద్దరం మిగిలిపోయాం. బెండకాయలు ముదిరాయని, గ్యాసు అయిపోవచ్చిందని, పనిమనిషి మానేసిందని మాట్లాడుకునేవాళ్లం. చక్రధర్ పేరు ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు అంత ఒంటరిగా బతకొచ్చని నాకు అంతకు ముందు తెలీదు.

*

మా ఆసుపత్రి మేడ మీద చిన్న ప్రయోగశాల ఉంది. అక్కడ పనిచేసేది నేనూ, గయాజూ. అతను లెన్సులు తయారు చేసే ఇంజనీరు. గాజు అరగదీస్తూ కూనిరాగాలు తీస్తాడు, నేను వస్తే ఆపేస్తాడు. మామూలు గాజు కంటే బరువైన గాజుతో అతనొక కొత్త లెన్సు చేశాడు. కంటి మూల ఇంకా లోతుగా, ఇంకా స్పష్టంగా కనపడాలని మా ఆశ.

దాన్ని మొదట పెట్టింది పేరిందేవి అనే ఆవిడకి. ఒక పెద్దింట్లో జీవితమంతా వంట చేసిన మనిషి. గడ్డం దిమ్మ మీద ఆనించి, దీపం దగ్గరికి జరిపి, లెన్సు ఆనించాను. మూల కనపడింది. దాని పక్కనే, కంటి అంచు చుట్టూ, సన్నటి ఉంగరంలా ఏదో మెరిసింది. దీపం తగ్గించాను. ఉంగరం ఆరలేదు. అందులో వంకర అద్దంలో చూసినట్టు వంటింటి గడప, దాని మీద రెండు జడల పిల్ల. పిల్ల తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. కాసేపటికి పెన్సిలు నోట్లో పెట్టుకుంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. గదిలో పిల్లలెవరూ లేరు.

"గయాజ్, ఇలా రా."

అతను కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "మేడమ్, ఎవరండీ ఈ పాప?" అనేసరికి బొమ్మ మసకబారుతోంది. తడి గచ్చు ఆరినట్టు అంచులనుంచి లోపలికి ఆరిపోయింది. మర్నాడు మళ్లీ లెన్సు పెట్టి చూస్తే మూల ఒక్కటే ఉంది, ఉంగరం లేదు.

తర్వాత చాలామంది కళ్లు చూశాం. సంగతి మెల్లగా బోధపడింది. సూటిగా చూసినప్పుడు వెలుతురు నేరుగా లోపలికి పోయి, చూపుకి ఖర్చయిపోతుంది. ఓరగా చూసినప్పుడు మాత్రం దాంట్లో రవ్వంత కార్నియా అంచులోకి జారుతుంది. జారింది బయటికి పోలేదు, పూర్తిగా లోపలికీ రాలేదు, అక్కడే చుట్టూ తిరుగుతుంటుంది. ఒకరినే పదేపదే ఓరగా చూస్తే ఆ బొమ్మ గట్టిపడుతుంది. మామూలు గాజులో అయితే ఇలాంటి వెలుతురు రెప్పపాటులో చచ్చిపోతుంది. బతికున్న కంట్లో ఎందుకు చావదో మాకు తెలీదు. కన్నీళ్ల తడి వల్లేమోనన్నాడు గయాజ్. పత్రికకి పంపే వ్యాసంలో అలా రాస్తే బాగుండదని నేను వేరే మాట పెట్టాను.

ఎవరి కళ్లు నిండుగా ఉంటాయో కూడా తెలిసింది. తలెత్తి చూడకూడదని పెరిగినవాళ్లవి. కొత్త కోడళ్లు, పాలేర్లు, గుమాస్తాలు, చెప్పుకోలేని ఇష్టాలున్న మగపిల్లలు. మా ఛైర్మన్ గారు ముచ్చటపడి వచ్చి తన కళ్లు చూడమన్నారు. పెళ్లి సంబంధాలవాళ్లకి ఎవరి కంట్లో ఎవరున్నారో చూసి చెబితే ఆసుపత్రి దశ తిరిగిపోతుందని ఆయన ఆలోచన. ఆయన వెళ్లాక గయాజ్ లెన్సు కడుగుతూ "తుడిచిన పలకలా ఉన్నాయి మేడమ్. ఆయన ఎవర్నీ ఓరగా చూడాల్సిన అవసరమే రానట్టుంది," అన్నాడు. పగలబడి నవ్వాను.

ఆ నవ్వు ఆగకముందే "నావి కూడా చూడు," అన్నాను.

నా కళ్లలోనూ ఏమీ లేదు.

నేను మనుషుల్ని సూటిగా చూస్తాను. వృత్తి అలాంటిది, పుట్టుకే అలాంటిది. పెళ్లిచూపుల్లో తలెత్తి చక్రధర్‌ని తేరిపార చూస్తే మా పెద్దమ్మ వెనకనుంచి గిల్లింది. ఆ తర్వాత అతను బతికినంతకాలం అలాగే చూశాను, కళ్లలో కళ్లు పెట్టి, కళ్లు నిండేలా. ఒక్క రవ్వ మిగల్లేదు.  నేను చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

*

అత్తయ్యకి అంతకు చాలాముందే ఒక అలవాటు మొదలైంది. సోఫాలో కూర్చుంటే ఎడమ పక్కన కాస్త చోటు వదిలేది. కాఫీ తాగుతూ ఆ పక్కకి "ఫ్యాను తగ్గించనా?" అనేది. కూర తరుగుతూ అటువైపు ఏదో గొణిగేది. మొదట్లో నాతో అనుకుని "ఏమిటత్తయ్యా?" అనేదాన్ని. "నీతో గాదులే" అనేది.

ఒక ఆదివారం పొద్దున అడిగేశాను. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఆవిడ సిగ్గుపడింది. అరవై దాటిన మనిషి కొత్త పెళ్లికూతురిలా పమిట సర్దుకుంది. "వాడేనే. వాడు పోయిన కొన్నాళ్లకి మొదలైంది. ఇట్టా పక్కన, కంటి చివర ఉంటాడు. తల తిప్పితే ఉండడు. అందుకే తిప్పను."

"కనిపిస్తారా?"

"కనపడ్డమని గాదు. ఉన్నట్టుంటది. మనిషి ఉన్న గదికీ లేని గదికీ తేడా తెలవదా మనకి? అట్టా."

ముసలితనం, దుఃఖం అని సరిపెట్టుకున్నాను. మనసులో మాత్రం కుళ్లుకున్నాను. ఆవిడ దగ్గరికి వచ్చినవాడు నా దగ్గరికి ఎందుకు రాడని, చచ్చిపోయిన మనిషి మీద కోపం కూడా వచ్చింది. ఇంత చదువుకుని ఇదేం బుద్ధి అనుకున్నా, అది పోలేదు.

*

కొన్ని వారాలకి పేరిందేవి మళ్లీ వచ్చింది. కళ్లు బాగానే ఉన్నాయి, లోపలి నీటి ఒత్తిడి బాగానే ఉంది. కుర్చీలోంచి లేవదు.

"ఏం పెట్టారో ఏమో గానీ డాక్టరమ్మా, మా వంటింట్లో నా పక్కన మనిషి పోయింది."

"ఏ మనిషి?"

"మనిషంటే మనిషి గాదు. పొయ్యి దగ్గర నిలబడితే పక్కన పిల్ల ఉన్నట్టుండేది. ఆళ్లమ్మాయే, నేను పెంచిందే. చదువుకుని పెళ్లి చేసుకుని యాడికో పోయింది. ముద్దు చేస్తే పెద్దమ్మగారికి గిట్టదని నేనెప్పుడూ తేరిపార చూసింది లేదు. అయినా ఆ పిల్ల పక్కన ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు లేదు. వంటిల్లు బావురుమంటా ఉంది." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా సొమ్మేదో మీ దగ్గరుండిపోయినట్టుందమ్మా. ఇచ్చెయ్యండి, దణ్ణం పెడతా."

నాకు తల కొట్టేసినంత పనైంది. ఆ తర్వాత మేం చూసిన వాళ్లందరినీ పిలిపించి మాట్లాడాం. అందరిదీ ఒకటే మాట, వేరు వేరు మాటల్లో. ఇంట్లో జనం ఉన్నారు కానీ ఎవరూ లేనట్టుంది. నడుస్తుంటే తోడు ఎవరో విడిచి వెళ్లినట్టుంది. ఛైర్మన్ గారికి మాత్రం ఏమీ తేడా రాలేదు.

గయాజ్ లెక్కలు కట్టాడు. అంచులో తిరిగే వెలుతురు పూర్తిగా వృథా కాదు. రవ్వరవ్వగా లోపలికి కారుతూ, చూపు చివర ఎప్పుడూ పడుతుంటుంది. బొమ్మగా కనపడేంత కాదు, పక్కన ఒకరున్నారని తెలిసేంత. మనిషికి తోడు అనిపించేది కొంతవరకు ఇదే. మా లెన్సు తగిలితే ఆ వెలుతురంతా ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. వచ్చింది తిరిగి లోపలికి పోదు.

"పాత లెన్సుతో?" అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. "ఏ లెన్సు తగిలినా అంతే మేడమ్. పాతదానితో పోయేది మనకి కనపడదు. అంతే తేడా."

ఆ రోజు మేమిద్దరం ఏమీ పని చేయలేదు. ఇన్నాళ్లూ నేను చూపు నిలబెట్టి పంపిన ముఖాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఎంతమంది మెట్లు దిగుతూ పక్కన ఏదో తగ్గినట్టు ఆగి ఉంటారో. అలాగని లెన్సు పెట్టకుండా ఎలా? పెట్టకపోతే కళ్లే పోతాయి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో తట్టి, రోడ్డు మీదే నిలబడిపోయాను. అత్తయ్య పక్కన ఉన్నది ఆవిడ చాదస్తం కాదు. వెలుతురు. అంటే అత్తయ్య కంట్లో చక్రధర్ ఉన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టాక ఆవిడ మొహం వైపు చూడటానికి భయమేసింది. ఆ కంటి అంచున నా భర్త తిరుగుతున్నాడు. ఒక్క లెన్సు పెడితే చూడొచ్చు. చూస్తే ఆవిడకి ఉండడు. అన్నం వడ్డిస్తూ ఆవిడ "ఏందమ్మాయ్, అట్టా ఉన్నావు?" అంది, ఎప్పటిలాగే ఇటు తిరక్కుండానే. తలనొప్పి అని చెప్పాను. కొత్త లెన్సుని మర్నాడే బీరువాలో పెట్టి తాళం వేయించాను.

*

తలనొప్పి నిజంగా వచ్చింది అత్తయ్యకి. సాయంత్రమైతే కళ్లు లాగుతున్నాయంది. వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనపడుతున్నాయంది. ఏ కంటి డాక్టరైనా ఈ మాట వింటే కుర్చీలోంచి లేస్తాడు. ఒత్తిడి చూస్తే చాలా ఎక్కువ ఉంది. మూల మూసుకుపోతోంది. ఎంతవరకు మూసుకుందో లెన్సు ఆనించి చూస్తే గానీ లేజరు ఎక్కడ, ఎలా చేయాలో తేలదు. నేను చుక్కల మందు రాసిచ్చాను. ఒత్తిడి కొంచెం తగ్గి మళ్లీ పెరిగింది. ఇంకో చుక్కల మందు వేశాను. ఇదే పని నా దగ్గర చదువుకునే కుర్రడాక్టరు చేసుంటే నలుగుర్లో చీవాట్లు పెట్టేదాన్ని.

గయాజ్ గుమ్మంలో నిలబడి "మేడమ్, ఆలస్యమైతే..." అన్నాడు.

"నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు మేడమ్," అని వెళ్లిపోయాడు.

అత్తయ్య చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. కళ్లతో కాక వేళ్లతో తడుముకుని తీస్తోందని అప్పుడే గమనించాను. పక్కన కూర్చుని నేనూ కొన్ని అందుకున్నాను.

"ఎన్నాళ్లేస్తావే ఈ చుక్కలు?" అంది. "మీ ఆసుపత్రిలో అందరికీ కంటికి ఏదో బిళ్ల ఆనిస్తారంటగా. నాకెందుకు ఆనించవు? నాకు ముసలితనం వచ్చిందనా?"

ఇంక దాచలేకపోయాను. అంతా చెప్పాను. ఓరచూపు, అంచు, పేరిందేవి, పిల్ల. లెన్సు తాకితే పక్కన ఉన్నవాడు పోతాడని చెప్పాను. తాకకపోతే చూపు పోతుందనీ చెప్పాను. ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అంటే నా కంట్లో వాడున్నాడా నిజంగానే?"

"ఉన్నట్టే అత్తయ్యా."

"నేనింకా పిచ్చిదాన్నయ్యానేమో అనుకుంటున్నా."  మళ్లీ ఈనె తీయడం మొదలుపెట్టింది. "చూపు పోతే నన్ను చెయ్యి పట్టుకుని తిప్పాల్సింది నువ్వు. ఆసుపత్రిలో నిలబడి నిలబడి వచ్చి, మళ్లా నాకు అన్నం కలిపి పెట్టాల. నావల్ల గాదమ్మా అట్టా కూర్చోడం."

"నేను పెడతాను. నాకేం కష్టం?"

"నీకు లేకపోతే నాకుంది." కాయలు పక్కకి నెట్టింది. "ఆ పాత బిళ్లతో వద్దు. కొత్తదుందంటివిగా, కనపడేది. ఎట్టాగూ పోయేదేగా. పోయేముందు నువ్వు చూసుకోవే. నాకు ఇన్నాళ్లూ పక్కనున్నాడు. నీకు ఒక్కనాడన్నా లేడు గదా."

 లేచి వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ మీద నేను పడ్డ అసూయ ఆవిడకి ఎప్పటినుంచో తెలుసునని అప్పుడర్థమైంది.

మర్నాడంతా అత్తయ్య సోఫాలో కూర్చుని ఎడమ పక్కకి మాట్లాడింది. వినకూడదని నేను బాల్కనీలోకి వెళ్లాను. అయినా కొన్ని మాటలు వినపడ్డాయి. చిన్నప్పుడు అతను తప్పిపోయి దొరికిన తిరునాళ్ల గురించి చెప్పింది. తిట్టింది కూడా. చివర్న "వెళ్లొస్తానని చెప్పకుండా పోయావు, ఈసారన్నా చెప్పి పో," అంది. ఆ పూట అన్నం ఇద్దరికీ సహించలేదు.

*

పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాను. గయాజ్ లెన్సు కడిగి, ఆరబెట్టి, పళ్లెంలో పెట్టి బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. అత్తయ్య గడ్డం ఆనించింది. చుక్కలు వేసి, లెన్సు చేతిలోకి తీసుకుని మళ్లీ పళ్లెంలో పెట్టాను. 

"కానియ్యవే," అంది ఆవిడ.

ఎడమ కంటికి లెన్సు ఆనించాను. మూల చాలావరకు మూసుకుంది. లేజరు ఎక్కడ చేయాలో చూసుకున్నాను. అప్పుడు దీపం తగ్గించాను.

ఉంగరం వెలిగింది. అంత నిండైన అంచు నేను ఎవరి కంట్లోనూ చూడలేదు. అతని కోసం వెతికాను.

ఒక ఆడమనిషి కనపడింది. పక్కనుంచి, కొంచెం వెనకనుంచి. బల్ల ముందు కూర్చుని కాగితాల మీదికి వంగి ఉంది. మెడ వెనక జుట్టు తెల్లబడింది. ఎవరీవిడ? నాకు చిరాకు వేసింది. పక్కకి జరిగితే వెనక చక్రధర్ ఉంటాడేమోనని లెన్సు తిప్పాను. మళ్లీ ఆవిడే. వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచే గబగబా తింటోంది. ఇంకొంచెం తిప్పాను. కుర్చీలో కళ్లద్దాలు పెట్టుకునే నిద్రపోయింది, నోరు కాస్త తెరుచుకుని. తిప్పాను. మంచం చివర కూర్చుని ఒళ్లో మగవాళ్ల చొక్కా ఒకటి పరుచుకుని గుండీలు పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

ఆ చొక్కా నాకు తెలుసు. ఆ గుండీలు ఎవరూ చూడనప్పుడు నేను పెట్టేదాన్ని.

పక్కనుంచి నేనెలా ఉంటానో నాకెప్పుడూ తెలీదు. ఎవరికి తెలుస్తుంది? అందుకే గుర్తుపట్టలేకపోయాను. ఉంగరం నిండా నేనే ఉన్నాను. బట్టలు ఆరేస్తూ, తాళం చెవి వెతుక్కుంటూ, కిటికీ దగ్గర ఊరికే నిలబడి. ఎన్నెన్ని సార్లు చూసి ఉంటే అంత గట్టిపడుతుంది! అడుగున ఎక్కడో చక్రధర్ ఉంటాడని వెతుకుతూనే ఉన్నాను. బొమ్మలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. అతను ఎక్కడా లేడు. ఏ తల్లి కొడుకుని దొంగచాటుగా చూసుకుంటుంది? కళ్లారా చూసుకుంది. నాలాగే. మా ఇద్దరి దగ్గరా అతను మిగల్లేదు.

"చూశావా?" అంది అత్తయ్య.

"కదలకండి."

కుడి కంటి మూల కూడా మూసుకుంది, తప్పదు. లెన్సు ఆనించి మూలని మాత్రం చూశాను. దీపం తగ్గించలేదు, అంచు వైపు చూడలేదు. చూడకపోయినా అదీ పోతుంది. ఆ రోజే రెండు కళ్లకీ లేజరు చేశాను. బాగా జరిగింది. చూపు నిలబడుతుంది.

*

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాం. అత్తయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. కింద వీధిలో ఎవరో చేపలు బేరమాడుతున్నారు.

"ఎట్టా ఉన్నాడే?" అంది.

బాగున్నారు, నవ్వుతున్నారు అనే అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. అలా అంటే ఆవిడ సంతోషిస్తుంది, నేను ఈ జన్మకి ఇంకెవరితోనూ నిజం మాట్లాడలేను అనిపించింది.

"ఆయన లేరు అత్తయ్యా."

"లేడా? మరి?"

"నేనున్నాను."

నల్లద్దాల వెనక ఆవిడ కళ్లు కనపడటం లేదు.

"నువ్వా?"

"నేనే. బల్ల దగ్గర, వంటింట్లో, మంచం మీద. అంతా నేనే. ఆయన్ని మీరు కళ్లారా చూసుకుని ఉంటారు. అలా చూస్తే ఏదీ ఉండదు. నేనూ అలాగే పోగొట్టుకున్నాను."

అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు నలుపుకుంది. "వాడు పోయినాక నీ మొహం చూడలేకపొయ్యానే," అంది చివరికి. "చూస్తే ఇద్దరం ఏడుస్తాం. ఏడుపు మొదలైతే ఆగదని భయం. అందుకని పక్కనుంచే చూసేదాన్ని. తిన్నావో లేదో, పడుకున్నావో లేదో. వాడి చొక్కా తీసుకున్న రోజున మరీ భయమేసి తెల్లార్లూ నీ వైపే చూస్తా ఉన్నా. నీకు తెలవకుండా చూస్తున్నాననుకున్నానే గానీ..." 

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఎడమ చెయ్యి మెల్లగా లేపి గాలిలో తడుముకుంది, చీకట్లో గోడ వెతుక్కున్నట్టు.

"ఇప్పుడు ఎవరూ లేరే ఇక్కడ."

"ఉన్నాను అత్తయ్యా. పక్కనే ఉన్నాను."

"ఉన్నావు. మాట వినపడతానే ఉంది." కణత మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ లేవు. ఇల్లంతా ఖాళీగా ఉంది."

ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఆవిడకి తోడుగా ఉన్నది నేనని తెలిసిన రోజే, నన్ను ఆవిడ దగ్గర్నుంచి నా చేత్తో నేనే తీసేశాను. ఆవిడ తీయమంటేనే తీశాను, కళ్లు కాపాడటానికే తీశాను. అయినా ఆ గదిలో మేమిద్దరం అంతకు ముందు కంటే ఒంటరిగా కూర్చున్నాం.

అత్తయ్య నల్లద్దాలు తీసేసింది. వారం దాకా తీయొద్దని పొద్దున్నే చెప్పాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. సోఫాలో ఒళ్లంతా ఇటు తిప్పుకుని, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నా కళ్లలోకి చూసింది. చక్రధర్ పోయాక ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదలు.

డాక్టరుగా అద్దాలు పెట్టుకోమనాలి. లేదంటే కనీసం, ఇలా కాదు అత్తయ్యా, అటు తిరిగి పక్కనుంచి చూడండి, రోజుకి కాస్త చొప్పున మళ్లీ నిండుతుంది అని చెప్పాలి. ఆవిడకీ తెలుసు. చిక్కుడుకాయలు ఒలుస్తూ నేనే చెప్పాను. ఇద్దరం తల తిప్పుకోలేదు.

"ముసలిదానివైపొయ్యావే అమ్మాయ్," అంది.

"అవునత్తయ్యా," అన్నాను.